పదిన్నరకి తినాలి

మూడు వందల మందికి వండే చేతులు మధ్యాహ్నం రెండున్నర దాకా మెతుకు ముట్టకూడదు. ఆ ఆఫీసు క్యాంటీన్లో అదే చట్టం. వడ్డన అయ్యాకే వంటవాళ్ల తిండి. ఈలోగా ఎవరి దవడ కదిలినా మేనేజరు లెక్కలో అది దొంగతనమే.

కూరలు వండే ఆవిడకి ఏడో నెల. నిండు కడుపుతో పొయ్యి ముందు నిలబడటం ఆమెకి కొత్త కాదు, ఇది రెండో కాన్పు. కొత్తగా వచ్చిపడింది చక్కెర జబ్బు. పొద్దున్నే ఇన్సులిన్ సూది, ఆపైన రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తిండి.

"సూది వేసుకుని కడుపు మాడ్చుకున్నావంటే కళ్లు తిరిగి పడిపోతావు. పదిన్నరకి తినాల్సిందే" అంటూ నర్సు కాగితం మీద వేళలు రాసిచ్చింది.

మేనేజరు ఆ కాగితం వంక చూడనైనా చూడలేదు. "మా అమ్మ ఆరుగుర్ని కంది. ఏ కాగితం చూసి తిన్నదట?" అని నవ్వాడు. పైగా పెద్ద దయ తలిచినట్టు మిగిలిపోయిన తీపి ముక్కలు చేతిలో పెట్టాడు. "ఇద్దరి తిండి తినాలి కదా, మొహమాటపడకు."

ఒళ్లు మండిపోయింది ఆమెకి. ముక్కలు చెత్తబుట్టలో పడేసి, మర్నాటి నుంచి ఇంటినుంచే డబ్బా తెచ్చుకుంది: ఉడికించిన గుడ్డు, గుప్పెడు శనగలు, నాలుగు దోసకాయ ముక్కలు. మూడో రోజు మేనేజరు ఆ డబ్బా పట్టుకుపోయి తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రెండున్నరకి ఇస్తాలే."

పదకొండయ్యేసరికి ఉల్లిపాయలు తరుగుతున్న చెయ్యి వణికింది. వేడి గదిలో చల్లటి చెమట పట్టింది. కత్తి జారిపోయింది. గిన్నెలు తోమే పెద్దమ్మ పరుగున వచ్చి, ఒరిగిపోతున్న మనిషిని పట్టుకుని కూర్చోబెట్టి, గ్లాసు నీళ్లలో పంచదార కలిపి తాగించింది.

"తీపి తినొద్దన్నారు పెద్దమ్మా..."

"ఇలా అయినప్పుడు ఇదే మందు. మా చెల్లికి చూశాను. తాగు ముందు."

పావుగంటకి వణుకు తగ్గింది. లోపల బిడ్డ కదిలింది. దాంతో పాటే కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. గోడ పట్టుకుని లేచి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది. ఆయన రొట్టె నములుతున్నాడు.

"తాళం తియ్యండి."

"పొయ్యి మీద కూర ఎవరు చూస్తారు?"

"మీరు చూడండి. మీరు ఇప్పుడే తిన్నారుగా, ఓపిక ఉంటుంది."

ఆయన నోరు తెరిచేలోగా వెనకాల పెద్దమ్మ గొంతు వినబడింది. వంటింటి ఆడవాళ్లంతా ఆమె వెంటే ఉన్నారు. "పొయ్యిలన్నీ ఆర్పేశాం బాబూ. పిల్ల తిన్నాకే వెలుగుతాయి."

తాళం తీయక తప్పలేదు. ఆమె ఆయన ఎదుటి కుర్చీలోనే కూర్చుని, ఒక్కో శనగా నమిలి నమిలి తిన్నది. ఆ రోజు మూడు వందల మందికి భోజనం ముప్పావుగంట ఆలస్యం.

మర్నాడు గోడ మీద నోటీసు: కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం పదిన్నరకు పది నిమిషాలు.

"సాధించావమ్మా!" అంది పెద్దమ్మ. తెల్లవారుజామున టీనీళ్లు తాగి వచ్చిన మనిషి, మళ్లీ ముద్ద తినేది రెండున్నరకే. అది తలుచుకోగానే కూరలు వండే ఆవిడకి చల్లారిన కోపం మళ్లీ రాజుకుంది. నోటీసు ఊడబెరికి మేనేజరు బల్ల మీద పెట్టింది.

"మిగతావాళ్లకి కడుపుల్లేవా?"