థ కడుపులో చుక్క

నేను ఒక ఉలిని. జానెడు కూడా ఉండను. లావుపాటి ఉలులు రాయిని పగలగొడతాయి, వెడల్పు ఉలులు చదును చేస్తాయి. మొన సన్నంగా ఉంటుంది కాబట్టి నాకు అక్షరాల్లో చిల్లర పనులు అప్పగిస్తారు. వత్తుల తోకలు, కొమ్ముల వంపులు, చుక్కలు. చుక్కే కదా అని నవ్వకండి. నేను పదకొండేళ్లు పగతో రగిలిపోయింది ఒక్క చుక్క కోసమే. ఆ పగ తీర్చుకున్నాను కూడా. క్షమాగుణం గురించి వినాలనుంటే మా సామాన్ల సంచిలో ఒక నీళ్ల చెంబు ఉంది, దాన్ని అడగండి. అది చాలా చల్లని జీవి.

దర్శిలో ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీ ముక్కను కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. అంతకుముందు ఎన్ని గుంతల దెబ్బలు తిన్నానో, నా స్వభావంలో మెతకతనం లేదు. నన్ను మొదట కొన్నాయన గడప రాళ్లు చెక్కేవాడు. ఆయన నాతో రాయి చెక్కిన దానికన్నా వీపు గోక్కున్నదే ఎక్కువ. ఆయన ఆ పని మానేసి సోడాల బండి పెట్టుకుంటూ నన్ను సిలార్ సాయిబు చేతిలో పెట్టాడు. అప్పటినుంచి నా బతుక్కి ఒక మర్యాద వచ్చింది.

సిలార్ సాయిబు బస్టాండు వెనక రేకుల పందిరి కింద శిలాఫలకాలు చెక్కేవాడు. చదివింది నాలుగో తరగతి. అయినా తెలుగులో ఆయనకు రాని అక్షరం లేదు, తప్పు పోయే వత్తు లేదు. నల్లరాయి మీద ఒక అక్షరం చెక్కడానికి పావుగంట పడుతుంది. పావుగంట సేపు కళ్లు చికిలించి చూసిన అక్షరాన్ని ఎవరు మర్చిపోతారు? జనం కాగితాల మీద ‘శ్రద్దాంజలి’ అని రాసుకొచ్చేవాళ్లు, ఈయన ‘శ్రద్ధాంజలి’ అని చెక్కి ఇచ్చేవాడు. వాళ్లు చూసుకుని, తాము రాసినట్టే ఉందని సంతోషంగా తీసుకుపోయేవాళ్లు. మనుషులకు తమ తప్పు కనబడదు. దాన్ని ఎవరో దిద్దినా కనబడదు.

ఒకరోజు రైసుమిల్లు గుర్రం పట్టాభిరామయ్య వచ్చాడు. బడికి ఒక గది కట్టించాడు, దాని గోడకి రాయి కావాలి. కాగితం మీద ‘తండ్రి గారి జ్ఞాపకార్ధం’ అని రాసి ఉంది. మీకు తెలియనిది కాదు గానీ చెబుతాను. జ్ఞాపకార్థం అంటే జ్ఞాపకం కోసం. అందులో ఉండాల్సింది థ. ఆ థ కడుపులో చుక్క తీసేస్తే ధ అయి కూర్చుంటుంది. అప్పుడది అర్ధం. అర్ధం అంటే సగం.

“అయ్యగారూ, ఇక్కడ చుక్క పెట్టాలండీ. లేకపోతే సగం జ్ఞాపకం అని వచ్చిద్ది,” అన్నాడు సిలార్ సాయిబు.

“రాళ్లు కొట్టుకునేవాడివి, నాకు తెలుగు చెబుతావా? కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెక్కు. నీ సొంత తెలివి పెట్టబాకు,” అన్నాడు పట్టాభిరామయ్య. అనడమే కాదు, పని అయ్యేదాకా కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. సాయిబు నన్ను ఆ అక్షరం మీద ఆనించి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చుక్క పెట్టకుండానే తీసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గది ప్రారంభానికి కాలేజీలో తెలుగు చెప్పే ఇందుమతి గారిని పిలిచారు. ఆవిడ తెర తీసి, రాయి చదివి, ఉన్న మాట అనేసింది. “పట్టాభిరామయ్య గారూ, నాన్నగారిని సగమే గుర్తుపెట్టుకున్నారా? మిగతా సగం మర్చిపోయారా?” బడి పిల్లలకు అర్థం కాకపోయినా పెద్దవాళ్లతో కలిసి నవ్వారు. పట్టాభిరామయ్య మైకు లాక్కున్నాడు.

“నేను శుభ్రంగా రాసిచ్చానమ్మా! చెక్కిన సాయిబుకి అక్షరం ముక్క రాదు. ఏం చేస్తాం!”

సిలార్ సాయిబు వెనక వరసలో ఉన్నాడు. నేను ఆయన చొక్కా జేబులో ఉన్నాను. ఆయన జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి, “ఒక్క దెబ్బ అయ్యగారూ, చుక్క పెట్టేస్తాను,” అన్నాడు. పట్టాభిరామయ్య మనుషులు ఆయన్ని భుజం పట్టి వెనక్కి నెట్టారు. తర్వాత ఎవరో తెల్లరంగుతో అక్కడ చుక్క పెట్టారు. మొదటి వానకే కారిపోయింది.

ఆ రోజు నుంచి ఊరు ఆయనకు ‘సగం సాయిబు’ అని పేరు పెట్టింది. రాళ్ల పని మిషనుతో అక్షరాలు కోసే కొత్త షాపుకి పోయింది. సాయిబు వీధి వీధి తిరిగి రోళ్లకు, తిరగళ్లకు గాట్లు పెట్టి బతికాడు. ఆ పనికి నేను పనికిరాను. గోనెసంచిలో పడి ఉన్నాను. అప్పుడప్పుడు ఆయన నన్ను బయటికి తీసి, మొన మీద బొటనవేలు ఆనించి చూసి, మళ్లీ లోపల పెట్టేవాడు. పట్టాభిరామయ్యను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆ లోటు నేను తీర్చాను. వాడి ఇంట్లో ప్రతి పెళ్లి పత్రికా తప్పులతో అచ్చుకావాలని, వాడి పేరులో దీర్ఘాలన్నీ ఊడిపోయి పట్టభిరమయ్య కావాలని సంచిలో పడుకునే శపించాను.

సాయిబు కూతురు జాన్‌బీ రాతిపొడిలో వేలితో అక్షరాలు దిద్దుకుంటూ పెరిగిన పిల్ల. పెద్దదయ్యాక తండ్రి వద్దంటున్నా వినకుండా పందిరి మళ్లీ తెరిచింది. ఇళ్ల పేర్లు, సమాధి రాళ్లు ఒకటీ అరా వచ్చేవి. నన్ను గచ్చు మీద నూరి పదును పెట్టింది. ఆ పిల్ల చేతిలో ఒక దురుసుతనం ఉంది. అది నాకు నచ్చింది.

పదకొండేళ్లకు పట్టాభిరామయ్యకు అరవై నిండాయి. ఊళ్లో సన్మానం పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నాడనే అంటాను, ఏర్పాట్లన్నీ ఆయనవే మరి. సభ నాలుగు రోజులుందనగా మిషను షాపులో మిషను చెడిపోయింది. గతిలేక మా పందిరి కిందికి వచ్చాడు. కాగితం ఇచ్చాడు. జాన్‌బీ చదివి పెన్సిలుతో ఆరు చోట్ల సున్నాలు చుట్టింది. షష్ఠిపూర్తి, సందర్బంగా, గన సన్మానం, అద్యక్షులు, ముక్య అతిధి. చివరి రెండు మాటల్లో రెండు తప్పులు.

“ఇవి ఒకసారి చూసుకోండయ్యా,” అంది.

“అచ్చం మీ నాయన పోలికే. అందుకే ఆయన గతి అట్లా అయింది,” అని పట్టాభిరామయ్య జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం అడుగున ‘ఇందులో ఒక్క అక్షరం మార్చకూడదు’ అని రాసి, తోక పొడుగ్గా లాగి సంతకం పెట్టాడు. “ఈ కాగితం మీద ఏముంటే అది చెక్కు. తెలిసిందా?”

“తెలిసిందండీ,” అంది జాన్‌బీ. అంత తియ్యటి ‘అండీ’ నేను అంతకుముందు వినలేదు.

రెండో రోజు సిలార్ సాయిబు వచ్చి, సగం చెక్కిన రాయి చూసి నిలబడిపోయాడు. “తప్పు చెక్కబాకమ్మా. మన చేతి రాయి మీద తప్పుంటే నాకు నిద్ర పట్టదు.”

“పదకొండేళ్ల నుంచి నీకు పట్టింది లేదుగా నాయనా,” అంది జాన్‌బీ, సుత్తి ఆపకుండానే.

ఆయన తలవంచుకుని పందిరి బయటికి నడిచాడు. నేను మాత్రం పండగ చేసుకున్నాను. ‘అతిధి’లో చుక్క పెట్టాల్సిన చోటికి రాగానే జాన్‌బీ నన్ను పైకెత్తి పక్కన పెట్టింది. ఒకప్పుడు అట్లా పక్కన పెడితే కుమిలిపోయాను. ఈసారి పడీపడీ నవ్వాను. ఆ తర్వాత కాగితం మీద ఉన్నదంతా, పై నుంచి కింది దాకా, ఒక్క గీత పోకుండా చెక్కాము.

రాయి తీసుకుపోవడానికి వచ్చిన పట్టాభిరామయ్య తన పేరు ఎంత పెద్దగా పడిందో బెత్తెలు పెట్టి కొలుచుకున్నాడు. మిగతాది చదవలేదు.

సభకి ఇందుమతి గారే ముఖ్య అతిథి. ఇప్పుడావిడ ప్రిన్సిపాలు. ఆవిడ తెర తీసి మైకులో చదవసాగింది. “షష్ఠి అంటే ఆరోది అయ్యా, అరవై కాదు. మీకు ఇంకా ఆరేనా? గన సన్మానం... అంటే గనిలో చేస్తారా? నేను ముక్య అతిధిని కాబోలు!” జనం ఈలలు వేశారు. పట్టాభిరామయ్య మొహం ఎర్రబడింది. చెయ్యి మైకు మీదికి పోయింది. “ఆ చెక్కిన పిల్లకి...”

“ఆగండి, కింద ఇంకా ఉంది,” అని ఇందుమతి గారు వంగి, అడుగున ఉన్న బంతిపూలు పక్కకు జరిపి చదివింది. “‘ఇందులో ఒక్క అక్షరం మార్చకూడదు.’ దాని కింద సంతకం. మీదే కదండీ ఈ తోక?”

ఆ నవ్వులు ఊరి చివరి పెట్రోలు బంకు దాకా వినపడ్డాయని తర్వాత చెప్పుకున్నారు. నేను జాన్‌బీ సంచిలోంచి ఒక్కో నవ్వూ ఏరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పట్టాభిరామయ్య ఒక్కడే వచ్చాడు. “సాయిబూ, దాన్ని దిద్దించు. ఊళ్లో తలెత్తుకోలేకుండా ఉన్నాను.”

“మూడు తప్పులు గీతో చుక్కో చేర్చి ఈ ఉలితో దిద్దవచ్చండీ. మిగతా మూడింటికి కొత్త రాయి చెక్కాల్సిందే. ముందు బడికి పోదాం రండి,” అన్నాడు సిలార్ సాయిబు.

ప్రార్థన వేళకి వెళ్లాము. పిల్లలంతా వరసల్లో ఉన్నారు. సాయిబు పాత రాయి మీద చుక్క పడాల్సిన చోటు వేలితో చూపించాడు. నన్ను జాన్‌బీకి ఇచ్చాడు. ఒక్క దెబ్బ, చుక్క పడింది. పట్టాభిరామయ్య పిల్లల వైపు తిరిగి, “అప్పుడు ఆ కాగితం నేనే... తొందరలో రాశాను. సాయిబు చెప్పాడు, నేను వినలేదు,” అన్నాడు. తొందరలో అట! అయినా హెడ్మాస్టరు విన్నాడు, పంతులమ్మలు విన్నారు. సాయంత్రానికి ఊరంతా విన్నది. సిలార్ సాయిబు తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

తిరిగి పందిరి కిందికి వచ్చాక కొత్త నల్లరాయి పడుకోబెట్టారు. “ఏం చెక్కాలో నువ్వే రాసుకో సాయిబూ, నీకు తెలుసుగా,” అన్నాడు పట్టాభిరామయ్య.

“మేం చెక్కేవాళ్లమే అయ్యగారూ. రాయాల్సింది మీరు,” అని సాయిబు ఒక తెల్లకాగితం, పెన్సిలు ముక్క ఆయన ముందు పెట్టాడు. కుర్చీ లేదు. పట్టాభిరామయ్య రాతిపొడిలో చతికిలబడి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గరి జనం ఒక్కొక్కరే వచ్చి పందిరి గుంజలకు ఆనుకుని నిలబడ్డారు.

సాయిబు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. ఆయన రాశాడు. నేను రాయి మీద పడుకుని చూస్తున్నాను. ‘ముఖ్య’ దగ్గర రెండుసార్లు కొట్టివేత పడింది. ‘అతిథి’ రాసి కాగితం పైకెత్తి చూపించాడు.

సిలార్ సాయిబు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. థ కడుపు ఖాళీగా ఉంది.

“ఇంకోసారి రాయండి అయ్యగారూ,” అన్నాడు, ఎంతో మర్యాదగా.

పట్టాభిరామయ్య పెన్సిలు నాలుకకు అద్దుకుని, మళ్లీ ‘అ’ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.