బాబాయ్ చూసింది ఒక్కసారే

మా అమ్మాయి ఉయారాక్‌ని నేను "నాన్నా" అని పిలుస్తాను. ముద్దుకి కాదు. మా నాన్న చనిపోయిన ఏడాదే అది పుట్టింది, ఆయన పేరే పెట్టుకున్నాం. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సీమ మాది, మాలో పేరుతో పాటు వరస కూడా వచ్చేస్తుంది. అందుకే నాన్న తమ్ముడు పానిలూ బాబాయ్, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఇరవై ఒక్కేళ్ళ దాన్ని పట్టుకుని "అన్నా" అంటాడు. అది కూడా ఆయన్ని తమ్ముడూ అనే పిలుస్తుంది.

ఈ మార్చిలో దక్షిణాన ఉన్న పెద్ద నగరాల నుంచి డాక్టర్ బ్రాడీ అనే పరిశోధకుడు దిగాడు. ఆగస్టులో మా ఎదుటి దీవి మీద పెద్ద కోరల సముద్ర జంతువులు, వాల్రస్‌లు పిల్లల్ని వేసుకుని పడుకుంటాయి కదా, హెలికాప్టర్‌లో తిరుగుతూ వాటిని లెక్కపెడతాడట. అనుమతి ఇచ్చేది పైనున్న వన్యప్రాణుల బోర్డు. కానీ ముందు మా వేటగాళ్ళ సంఘం ఏమంటుందో అడుగుతుంది. వాల్రస్‌లు బెదిరి ఆ దీవి వదిలేస్తే మాకు చలికాలానికి మాంసం లేదు, గులకరాళ్ళ కింద పాతి పులియబెట్టుకునే ఇగునాక్ లేదు. ఊరంతటి భయమూ అదే.

ఒక మధ్యాహ్నం అందరం ఊరి హాల్లో కూర్చున్నాం. నేను దుబాసిని. ఉయారాక్ సంఘంలో చేరి నెల కాలేదు, అదే దాని మొదటి సమావేశం. హెలికాప్టర్ వస్తే వాల్రస్‌లు వెళ్ళిపోతాయా అని బ్రాడీ బాబాయ్‌ని అడిగాడు. బాబాయ్ టీ ఒక గుక్క తాగి, తెలియదన్నాడు. తిప్పి తిప్పి మూడు రకాలుగా అడిగితే మూడుసార్లూ అదే జవాబు. 'పెద్దలకు అభ్యంతరం లేదు' అని బ్రాడీ రాసుకోవడం నేను కళ్ళారా చూశాను. ఒళ్ళు మండిపోయింది. కానీ దుబాసికి సొంత నోరు ఉండకూడదు. జరగబోయేదాని గురించి మా పెద్దవాళ్ళు ఖాయంగా ఏదీ చెప్పరు, కంటితో చూసిందే చెబుతారు. అన్ని పుస్తకాలు చదివినాయనకి ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అధ్యక్షుడు సమావేశం ముగించబోతుంటే ఉయారాక్ లేచింది.

"తమ్ముడూ, ఆ దీవి మీదికి హెలికాప్టర్ రావడం ఎప్పుడైనా చూశావా? చూస్తే, ఏం చూశావు?"

బాబాయ్ కప్పు కింద పెట్టాడు. "చూశాను అన్నా. ఇప్పుడు అడిగావు కాబట్టి చెబుతా."

ఆయన పెద్దకొడుకు పుట్టిన ఏడాది, ఖనిజాలు వెతికేవాళ్ళ హెలికాప్టర్ బాగా కిందుగా ఎగురుతూ వచ్చిందట. మంద మొత్తం ఒక్కసారిగా నీళ్ళలోకి పడిందట. బండల మీద పెద్దవాటి కింద నలిగి చచ్చిన పిల్లలు పదిహేడు. తన చేత్తో తిప్పి చూసి లెక్కపెట్టాడు. ఆ తర్వాత నాలుగు వేసవులు దీవి మీదికి ఒక్కటీ ఎక్కలేదు. అరగంట పైనే చెప్పాడు.

బ్రాడీ తన రాతని తనే కొట్టేశాడు. ఇన్నిసార్లు అడిగితే ఈయన ఇదంతా ఎందుకు చెప్పలేదన్నాడు.

"మీరు అడగలేదు కదండీ," అంది ఉయారాక్.

హెలికాప్టర్ వద్దు, కొండ మీంచి దుర్బిణితో లెక్కపెట్టుకోవచ్చు, బాబాయ్ వెంట ఉండాలి, అని సంఘం తీర్మానించింది. బోర్డుకి ఉత్తరం నేనే రాశాను, సంఘం తరఫున సంతకం ఉయారాక్‌ది. ఆవేశంలో, హెలికాప్టర్ వచ్చినప్పుడల్లా వాల్రస్‌లు దీవి వదిలేస్తాయని రాసేశాను. సంతకం పెట్టేముందు ఉయారాక్ దాన్ని బాబాయ్‌కి చదివి వినిపించింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"వచ్చినప్పుడల్లా అని నేననలేదు. నేను చూసింది ఒక్కసారే. కొట్టెయ్యండి."

నేను ఊరుకోలేదు. మన బలమంతా ఆ మాటలోనే ఉంది బాబాయ్, తీసేస్తే 'ఒక్కసారేగా' అని బోర్డు తోసేస్తుంది, అప్పుడు చలికాలంలో ఏం తింటామని దెబ్బలాడాను. నేనింకా మాట్లాడుతుండగానే ఉయారాక్ ఆ వాక్యం కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో పక్కన రాసి, సంతకం పెట్టింది. ఒక్కసారి నా వైపు చూడనైనా లేదు. అచ్చం మా నాన్న మొండితనమే. వారం రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు నేను.

మే నెలలో అనుమతి పత్రం వచ్చింది. హెలికాప్టర్ లేదు. బాబాయ్ లేకుండా బ్రాడీ కొండ ఎక్కడానికి లేదు. కింద కారణం కూడా రాశారు: సాక్షి తనకి లాభించే మాటని సైతం తాను చూడలేదని కొట్టించాడు, కాబట్టి చూశానన్నదంతా నమ్ముతున్నాం.

బాబాయ్ ఇంటికి పరుగున వెళ్ళి చదివి వినిపించాను. ఆయన, "ఆ బోర్డు వాళ్ళెవరి పిల్లలో గానీ, బాగా పెంచారు," అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ బాగానే పెంచావమ్మా," అన్నాడు.