చిన్న రాడ్డు

జానకిరామయ్య పికప్పు ఆ రోజు బురదలో వచ్చేది. అతను తీయలేదు. నా భార్య చనిపోయింది. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు.

అతను నా భార్య కనకలక్ష్మికి సొంత అన్న. వినుకొండ పోయే తారు రోడ్డు మీద, వాళ్ళ ఊళ్ళో పురుగుమందుల కొట్టు నడిపేవాడు. మా ఊరు ఆ రోడ్డుకు మూడు మైళ్ళు లోపలికి. దారంతా నల్లరేగడి. ఎండలకు ఇనుములా ఉంటుంది. వాన పడితే కాలి చెప్పు లాగేసుకుంటుంది.

కనకలక్ష్మికి ఉబ్బసం. కళ్ళాల్లో మిరపకాయ ఎండే రోజుల్లో ముక్కుకు కొంగు చుట్టుకునే వంట చేసేది. ఆ యేడు మాఘంలో కాని కాలపు వాన పడింది. ఆరబోసిన కాయ తడిసింది. ఘాటు ఊరంతా కమ్మింది. ఆమెకు ఊపిరి అందలేదు. నా ఎడ్లబండి చెక్కలనిండా మిరప ఘాటే. జానకిరామయ్య మాత్రం తన పికప్పులో ఒక్క కాయ కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. అందుకని ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళను బురదలో నడిచి వెళ్ళి ఆ బండి అడిగాను.

"దిగబడుద్ది బావా. సాయంత్రానికి నేల కాస్త గట్టిపడనీ. నేనే తెస్తా" అన్నాడు.

"చిన్న రాడ్డు వెయ్యి. ముందు చక్రాలు కూడా లాగుతాయి. కాలువ పనుల్లో జీపులు తోలినోణ్ణి, నాకు తెలుసు."

"అది వేస్తే గేరుబాక్సు పోద్దంట. అమ్మినాయన మరీమరీ చెప్పాడు."

"తాళం నాకియ్యి. నేను తోలుకుంటా."

ఇవ్వలేదు. ఎడ్లబండి మీదే తీసుకెళ్ళాను. వాగు ఒడ్డుకు చేరేసరికి ఇక తీసుకెళ్ళే పని లేకుండా పోయింది.

ఆరేళ్ళు నేను అతని గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే పక్కకు తిరిగేవాణ్ణి. అతను నిలబడేవాడు. నేను పోయేవాణ్ణి.

ఆ తర్వాత అతనికి కళ్ళలో శుక్లాలు వచ్చాయి. బండి అమ్ముతున్నాడని గౌస్ బాషా మా పత్తి చేలోకి వచ్చి చెప్పాడు. వినుకొండలో బండ్లు బాగుచేస్తాడు, అమ్మిస్తాడు. నోరు ఊరుకోదు.

"పంతం పక్కనబెట్టు మామా. పాత బండన్న మాటే గానీ, నిన్న షోరూములోంచి దిగినట్టుంటది. రోజూ పత్తి తోలాల, పాలు తోలాల, కూలోళ్ళను తేవాల. నీ ఎడ్లు చూస్తే నీకన్నా ముసలియ్యి."

"నాకు అమ్ముతాడా?"

"నీకైతేనే అమ్ముతాడంట! 'ఆయన మీ మొకం చూడడు గదండీ' అన్నా. 'ఆయన్నే అడుగు' అన్నాడు. మీ ఇద్దరికీ పిచ్చి. నా కమీషను నాకు ముట్టాక ఎంతైనా ముదరబెట్టుకోండి."

రోజువారీ పనికి బండి అవసరమే. అది అబద్ధం కాదు. కానీ నాకు ఇంకొకటి కావాలి. ఆ బండి ఆ బురదలో పోతుందని, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని కళ్ళకు చూపించాలి. ఆ కళ్ళు పూర్తిగా పోకముందే చూపించాలి.

దానికి దారి కూడా ఉంది. మా వైపు ఎద్దును అమ్మితే, అమ్మినవాడు పలుపు పట్టుకుని కొన్నవాడి కొట్టం దాకా వచ్చి చేతికి అప్పగించాలి. లేకపోతే పశువు కొత్త చోట మేత ముట్టదని అంటారు. మోటారు బండ్లు వచ్చాక వాటికీ అదే పాటిస్తున్నారు. జానకిరామయ్య మా ఇంటి దాకా రాక తప్పదు.

వెళ్ళి చూశాను. గౌస్ బాషా చెప్పింది నిజమే. సిమెంటు రంగు ఎక్కడా పెచ్చు లేవలేదు. తొట్టి చెక్కలకు ఏటేటా వార్నీషు. సీట్ల మీద ఉతికిన తువాళ్ళు. పెద్ద గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు ఉంది. దానికి అతని భార్య శ్యామలాంబ ఎర్ర ఊలుతో టోపీ అల్లి తొడిగింది. ఎవరూ ముట్టకుండా. బండి కింద పడుకుని చూశాను. ఇరుసుకు మట్టి మరక లేదు. అంత శుభ్రంగా ఉన్న బండిని నేను అంతకు ముందు చూడలేదు. అంత కోపం కూడా అంతకు ముందు రాలేదు.

బేరం ఆడలేదు.

"తీసుకుపోను మంచిరోజు చూసుకున్నావా అన్నయ్యా?" అని అడిగింది శ్యామలాంబ.

"చూసుకున్నానమ్మా. పెద్ద వాన పడ్డ మర్నాడు."

గౌస్ బాషా పకపకా నవ్వాడు. "ఏ పంచాంగంలో ఉంది మామా ఈ ముహూర్తం?"

జానకిరామయ్య నవ్వలేదు. నా వైపు చూసి, "సరే బావా" అన్నాడు. అంతే.

ఆశ్వయుజంలో రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడో రోజు పొద్దున వెళ్ళాను. శ్యామలాంబ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను తోలాను. అతను తువ్వాలు భుజాన వేసుకుని పక్కన కూర్చున్నాడు.

తారు రోడ్డు దిగేచోట ఆపాను. ఊలు టోపీ ఊడదీసి అతని ఒళ్ళో పెట్టాను. చిన్న రాడ్డు వేశాను. గట్టిగా కటుక్కుమంది. అతను ఉలిక్కిపడ్డాడు.

"విరిగిందా?"

"లేదు. పడింది."

బండి బురదలోకి దిగింది. రెండు మూడు సార్లు వెనక భాగం పక్కకు జారింది. తర్వాత ముందు చక్రాలు అందుకున్నాయి. ఇంజను అరుపు లేదు, తొందర లేదు, చెరువులో దిగిన గేదెలా పోతూనే ఉంది. అద్దం నిండా నల్లమట్టి. అన్నేళ్ళూ తుడిచి తుడిచి దాచిన రంగు మీద పిడికెడేసి మట్టి. అతను ఒకసారైనా అబ్బా అంటాడేమోనని చూశాను. అనలేదు. రెండు చేతులతో టోపీ పట్టుకుని దారినే చూస్తున్నాడు.

వాగులో నీళ్ళు ఇరుసు దాకా ఉన్నాయి. దాటింది. అవతలి ఒడ్డు ఎక్కాక ఆపాను. ఎందుకు ఆపావని అతను అడగలేదు. ఆ చోటు అతనికీ తెలుసు.

"వచ్చేదే గదా బావా" అన్నాడు. "ఆ రోజు కూడా... వచ్చేదే."

ఆరేళ్ళుగా నాకు కావలసిన మాట అదే. దానికి జవాబు నా దగ్గర తయారుగా ఉంది. నాగలి పట్టుకుని అనుకున్నాను, పాలు పితుకుతూ అనుకున్నాను, అన్నం ముందు కూర్చుని అనుకున్నాను. వచ్చేది, నువ్వు తేలేదు, నువ్వే చంపావు. అంతే జవాబు.

అతని వైపు తిరిగాను.

ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు. కింది పెదవిని పళ్ళతో లోపలికి లాక్కుని, భుజాలు కొంచెం పైకి ఎత్తి ఏడుస్తున్నాడు. కనకలక్ష్మి అచ్చం అలాగే ఏడ్చేది. వాళ్ళమ్మ పోయిన రోజు మా వసారా స్తంభం పక్కన నిలబడి అలాగే ఏడ్చింది. ఆ ఏడుపు ఆమెతోనే పోయిందనుకున్నాను. అన్నకు కూడా ఉంటుందని నాకు తోచలేదు.

"రాదు" అన్నాను.

"ఆఁ?"

"ఆ రోజు రాదు. ఇంతకు రెండింతల బురద. ముందు చక్రాలు లాగినా ఇరుసు ఆనుకుపోయేది. ఇక్కడిదాకా కూడా వచ్చేది కాదు."

"నిజమేనా బావా?"

"కాలువ పనుల్లో తోలినోణ్ణి. నాకు తెలవదా?"

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. ఎంత కనపడిందో తెలియదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "అయినా ఒకసారి దించి చూడాల్సింది" అన్నాడు.

"చూడాల్సింది" అన్నాను. అది మాత్రం వదల్లేదు.

ఆ రోజు బురద ఇందులో సగం కూడా లేదు. అందులో నడిచింది నేనే.

ఇంటి ముందు అతను తాళం రెండు చేతులా పట్టి నాకు అప్పగించాడు. "ఇక దీని మంచీ చెడ్డా నీవి" అన్నాడు. మళ్ళీ అదే బురదలో అతన్ని వాళ్ళ ఇంటి దగ్గర దింపి వచ్చాను. ఆ తర్వాత సత్తెనపల్లి పత్తి తోలుకు పోయేటప్పుడు, అతను అరుగు మీద కనపడితే ఆపి ఎక్కించుకునేవాణ్ణి. పక్క సీట్లోకి ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు గదా.

నేను అతన్ని క్షమించలేదు. జనం క్షమించాననుకున్నారు. అనుకోనిచ్చాను.

ఒకరోజు దారిలో, "బావా, ఆ రోజు బురద నిజంగా అంత..." అని మొదలుపెట్టాడు.

"ఆ ఊసు నా దగ్గర ఎత్తొద్దు" అన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

పోయిన యేడు అతను పోయాడు. ఇక ఇది చదివి బాధపడేవాడు లేడు కాబట్టి రాశాను. గౌస్ బాషా ఇప్పటికీ అడుగుతుంటాడు, ఆ రోజు వాగు ఒడ్డున ఏం మాట్లాడుకున్నారు మామా అని. ఎవరు అడిగినా నేను చెప్పను. ఈ సంగతి ఇక నా నోట రాదు.