ఉత్తుత్తి డబ్బా

నేను ఒక ఉత్తుత్తి డబ్బాని. ఇది తిట్టు కాదు, నా ఉద్యోగం పేరు. తెలంగాణలో ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అందులో పక్షవాతం వచ్చినవాళ్ల చేతుల్ని మళ్లీ పనిలోకి దింపే విభాగం నా పుట్టిల్లు. అక్కడ వైద్యం చేసి ఊరుకోరు. చేసిన వైద్యం నిజంగా పనిచేసిందో లేదో తేల్చాలి కూడా. తేల్చాలంటే నాలాంటి దొంగ ఒకడు కావాలి.

నన్ను తయారుచేసింది స్నిగ్ధ. బీటెక్ అయ్యాక ఈ పరిశోధనలో ఇంజనీరుగా చేరిన పిల్ల. మా అన్ననూ నన్నూ ఒకే రోజు చేసింది. ఇద్దరికీ అదే బూడిదరంగు డబ్బా, అదే పచ్చ లైటు, అవే రెండు వైర్లు. వైర్ల చివరి జిగురు పట్టీలను మోచేతి కింద అంటిస్తే మా అన్న సన్నగా కరెంటు పంపుతాడు, నరాలు మేలుకుంటాయేమోనని. నేనూ పంపుతాను, చెయ్యి జివ్వుమనేదాకా. ఆ తర్వాత చల్లగా ఆపేసి, లైటు మాత్రం వెలిగించుకుని కూర్చుంటాను. ఆఫీసుల్లో ఇలాంటివాళ్లను మీరూ చూసే ఉంటారు. కాసేపటికి అలవాటైపోయి తెలియదని రోగులకు ముందే చెప్పి ఉంచుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మాలో ఎవరు ఎవరో స్నిగ్ధ ఒక్కదానికే తెలుసు. వ్యాయామాలు చేయించే షబానాకు తెలియదు, ప్రొఫెసర్‌గారికి తెలియదు, రోగికి అసలే తెలియదు. తెలిసిందా, ఆ రోగి ఫలితం ఇక లెక్కలోకి రాదు. నిజమైనది రావచ్చు, ఉత్తది రావచ్చు అని మొదట్లోనే చెప్పి సంతకం తీసుకుంటారు. అందరూ తలూపుతారు. ఉత్తది పక్కవాళ్లకే వస్తుందని అందరి ధీమా.

నా వాటాకు సరోజన వచ్చింది. కూరగాయల మార్కెట్ వెనక లేడీస్ టైలర్. కుడిచెయ్యి పడిపోయింది. మోటారు మిషన్ మీద ఎడమచేత్తో ఎలాగో కుట్టుకొచ్చేది కానీ కత్తెర పట్టలేకపోయేది. ఆమె దుకాణం నడిచేదే కటింగ్ మీద. జాకెట్టు ఎవరైనా కుడతారట, భుజం దగ్గర ముడత పడకుండా కత్తిరించడమే విద్య అట. ఆ పని ఇంకో టైలర్‌కు పంపుతుంటే, పాత గిరాకీలు మెల్లగా అటే పోవడం మొదలుపెట్టారు. పెళ్లిళ్ల సీజన్ నాటికి కత్తెర చేతికి రాకపోతే షట్టర్ దించేయడమే.

బతుకంతా కుట్టుమిషన్‌తో గడిపిన మనిషి, మిషన్లంటే భక్తి. కూర్చునే ముందు ప్రతిసారీ నన్ను తాకి కళ్లకద్దుకునేది. నేను లైటు వెలిగించేవాణ్ణి. అంతకంటే నావల్ల ఏమవుతుంది? షబానా ఆమెతో చెక్క దిమ్మెలు ఎత్తించేది, సీసా మూతలు తిప్పించేది, వేళ్లు చాపమని బతిమాలేది, తిట్టేది. ముందు బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడువేలు లేచింది. సరోజన నావైపు తిరిగి మురిసిపోయేది. షబానా వైపు ఎవరూ చూడలేదు.

ఈ పరిశోధనకు అనుమతి ఇచ్చేముందు కమిటీవాళ్లు స్నిగ్ధను సవాలక్ష ప్రశ్నలడిగారు. రోగి నిద్రపోతే ఏంచేస్తావు, మధ్యలో కరెంటు పోతే ఏంచేస్తావు అని. దసరా వస్తే ఏంచేస్తావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

సెలవుకు ముందురోజు విభాగమంతా కలిసి ఆయుధపూజ పెట్టుకుంది. ట్రెడ్‌మిల్‌కు బంతిపూల దండ, జిరాక్స్ మిషన్‌కు మామిడాకు. మిషన్లన్నీ నీవే కదా అని కుంకుమ పళ్లెం స్నిగ్ధ చేతిలో పెట్టారు. ఆమె నవ్వుకుంటూ ఒక్కోదానికి బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. మా అన్నకు పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గాల్లో ఆగింది. పక్కనే సరోజన, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తిపట్టి, నాకు దండం పెడుతూ నిలబడి ఉంది.

కోడ్‌లో అబద్ధం రాయడానికి స్నిగ్ధకు ఒక మధ్యాహ్నం పట్టింది. కుంకుమతో మాత్రం రాయలేకపోయింది.

"దానికెందుకు పెడ్తలేవు బిడ్డా?" అంది సరోజన.

స్నిగ్ధ గబుక్కున పెట్టేసింది. అప్పటికే ఆలస్యమైంది. జాకెట్టు నచ్చకపోయినా నచ్చిందని చెప్పే గిరాకీల మొహాలు సరోజన ఎన్ని చూసి ఉంటుంది!

"ఇది ఉత్తదేనా?"

షబానా పులిహోర ప్లేటు కింద పెట్టింది. ప్రొఫెసర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇక దాచి లాభం లేదు, చెప్పేయమన్నారు.

"మొదట్ల జర్రసేపే కరెంటు వస్తదమ్మా," అంది స్నిగ్ధ నేల చూస్తూ. "తర్వాత వట్టి లైటే."

సరోజన తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "మరి ఈ వేళ్లెట్ల లేసినయ్?"

"నువ్వే లేపినవక్కా," అంది షబానా. "నేను పక్కన కూసొని ఒర్రిన, గంతే."

సినిమా అయితే ఇక్కడ కళ్లు చెమర్చి, సంగీతం మొదలవ్వాలి. సరోజనకు కోపం వచ్చింది. ఒక డబ్బాకు ఇన్నాళ్లు దండాలు పెట్టించారని దులిపేసి వెళ్లిపోయింది.

పండగయ్యాక వచ్చింది. ఇప్పుడు నిజమైనదే పెడతామని మా అన్నను అంటించారు. పాపం, వాడు చివరిదాకా నిజాయితీగా పనిచేశాడు. వేళ్లు లేవలేదు. ముందు లేచిన చూపుడువేలు కూడా మొండికేసింది. మర్నాడూ అంతే. మూడోసారి ఆమె, సిగ్గు విడిచి, ఆ ఉత్తదే తెచ్చిపెట్టమంది. పెట్టారు. నేను లైటు వెలిగించాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఏమీ కాలేదు. నిజం తెలిశాక నాతో ఏం పని?

నా సంగతి ఇక్కడే చెప్పేస్తాను, పెద్దగా లేదు. పరిశోధన ముగిసింది, జర్నల్‌లో పేపర్ అచ్చయింది. మా అన్నకూ నాకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని, ఇంకా పరిశోధన అవసరమని రాశారు. ఈ రెండో ముక్క ప్రతి పేపర్లోనూ ఉంటుందట. అందులో సరోజన లేదు, ఆమె ఫలితం తీసేశారు. ఇప్పుడు అన్నా నేనూ ఒకే బీరువాలో, ఒకే దుమ్ము కింద ఉన్నాం. ఇక్కడ మాత్రం మేమిద్దరం సమానమే.

ఆ మూడో రోజు మాత్రం నేను ఇంకా బల్లమీదే ఉన్నాను. సరోజన పట్టీలు తనే పీకేసింది. షబానా దిమ్మెలు ముందుకు జరిపితే, తానేమైనా తాపీమేస్త్రీనా అని వెనక్కి నెట్టింది. సంచిలోంచి తన కత్తెర, ఒక పాత గుడ్డ తీసి పరిచింది. పరిశోధనలో చేయించాల్సిన పనుల జాబితాలో కత్తెర లేదని షబానా అనబోయి, ఆమె ఫలితంతో ఇక ఎవరికీ పనిలేదని గుర్తొచ్చి ఊరుకుంది.

సరోజన కత్తెర కన్నాల్లోకి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే దూర్చింది. పక్షవాతం వచ్చిన చెయ్యి మూసుకోవడానికి ఎప్పుడూ సిద్ధమే, తెరుచుకోవడానికే ఏడుస్తుంది. కత్తెరా అంతే, తెరిస్తేనే పని. షబానా అలవాటు కొద్దీ కేకలు మొదలుపెట్టింది.

"నువ్వు జర నోరు మూస్కోవే," అంది సరోజన.

ఆమె నుదుటి మీద చెమట పట్టింది. కత్తెర వణికింది, కొంచెం నోరు తెరిచింది, గుడ్డను కొరికింది. ఆగింది. మళ్లీ తెరిచింది.

ఎంతోసేపటికి గుడ్డ రెండు ముక్కలైంది. అంచు వంకరటింకరగా వచ్చింది. సరోజన ఒక ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, వేరే టైలర్ పనిని చూసినట్టు నిర్దాక్షిణ్యంగా చూసింది.

"జాకెట్టుకైతే పనికిరాదు," అంది. "లోపల లైనింగ్‌కు నడుస్తది."