మౌలాలి ముక్కు మీద నేను

నేను ఒక ఇత్తడి కళ్లజోడును. గుండ్రటి అద్దాలు, కొంచెం ఎడమకు వంగిన ఒళ్లు. ఆ వంకర నాది కాదు, మస్తాన్ సాహెబు ముక్కుది. బందరులో ఒక కంసాలి ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, దారంతో ముక్కూ చెవులూ కొలిచి మరీ నన్ను చేశాడు. ఆ ముక్కు కొడుక్కీ, మనవడికీ అదే వంకరతో వచ్చింది. అద్దాలు మూడుసార్లు మారాయి. నేను మారలేదు.

మనవడు మౌలాలి చీరాలలో దర్జీ. అతని కొట్టుకు ఎదురుగా రెడీమేడ్ షోరూము వెలిసింది. చొక్కా, బెల్టు, టోపీ, కళ్లజోడు, ఏది కావాలన్నా అక్కడ వేలాడుతూ ఉంటుంది. గాజు తలుపు వెనక కోటు తొడిగిన ఒక బొమ్మ. దాని ముక్కు మీద అచ్చం నాలాంటి గుండ్రటి జోడు.

"కొలతల్లేకుండా గుడ్డలేంటి? మనుషులందర్నీ ఒకే అచ్చులో పోశారా?" అని మౌలాలి రోజంతా తిట్టేవాడు.

ఒకరోజు చెవికి తగిలించే నా కుడి పుల్ల విరిగింది. మౌలాలి నన్ను సూదుల డబ్బాలో పడేసి, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటాడు. పావుగంటలో నల్ల ప్లాస్టిక్ జోడుతో తిరిగొచ్చాడు.

"ఊరందర్నీ తిట్టి, మీ ముక్కుకు రెడీమేడ్ తెచ్చుకున్నారా?" అంది భార్య ఖాజాబీ.

"చొక్కా వేరు, ముక్కు వేరు," అన్నాడు మౌలాలి. అంటూండగానే జోడు జారింది.

ఆ వారమే బ్యాండు మేస్త్రి దానియేలు వచ్చాడు. బూర ఊదీ ఊదీ అతని ఛాతీ పీపాలా తయారైంది.

"శుక్రవారం సాయంత్రం పెళ్లి ఊరేగింపు. నాకు కోటు కుట్టు. నచ్చిందా, మావాళ్లు పదకొండు మందివీ నీకే. లేదంటే ఎదురు షాపుకి పోతా."

మౌలాలికి ఆ నెలలో అదొక్కటే పని. కొలతల పుస్తకంలో ఛాతీ నలభై నాలుగని తన చేత్తోనే రాసుకున్నాడు. గుడ్డ కత్తిరించేటప్పుడు ప్లాస్టిక్ జోడు మసకలో అది నలభై ఒకటిలా కనిపించింది. సూదుల మధ్య పడి ఉన్న నేనేం చెయ్యను?

శుక్రవారం మధ్యాహ్నం దానియేలు కోటు తొడిగాడు. బొత్తాలు పెట్టడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది.

"ఇది కోటా, మా మనవడి జుబ్బానా?"

"కాస్త ఊపిరి బిగబట్టు దానియేలూ."

"నేను బిగబడితే బూర ఎవడూదుతాడయ్యా, మీ తాతా?" అంటూ బూర నోటికి ఆనించి ఒక్క ఊదు ఊదాడు.

పైబొత్తం తుపాకీ గుండులా వచ్చి ప్లాస్టిక్ జోడుకు తగిలింది. ఒక అద్దం ఊడి కుట్టుమిషను కింద పడింది. కన్ను మాత్రం క్షేమం.

"పోతున్నా ఎదురు షాపుకి!" అంటూ కోటు విప్పి పడేశాడు దానియేలు.

ఖాజాబీ సూదుల డబ్బా తెరిచింది. విరిగిన పుల్ల చోట నల్లదారం కట్టి, నన్ను మొగుడి చెవులకు తగిలించింది. నా వంకర అతని ముక్కు వంకరలో కూర్చుంది. మౌలాలి కోటు తిరగేశాడు. ప్రతి కుట్టు పక్కనా రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి ఉంది. రేపు ఒళ్లు చేసే మనిషి కోసం గుడ్డ దాచిపెట్టడం వాళ్ల తాతనాటి అలవాటు.

"ఆ షాపు కోట్లలో ఇది చూపించు, నేను మిషను అమ్ముకుంటా. గంటసేపు కూర్చో."

దానియేలు కూర్చున్నాడు. మౌలాలి కుట్లు విప్పాడు, గుడ్డ వదిలాడు, మళ్లీ కుట్టాడు.

సాయంత్రం ఊరేగింపు మా వీధిలోంచే వెళ్లింది. దానియేలు షోరూము ముందు ఆగి, చెంపలుబ్బించి మరీ ఊదాడు. ఒక్క బొత్తం కదల్లేదు. మర్నాడు పదకొండు మందీ కొలతలివ్వడానికి వచ్చారు.

నిన్న షోరూము వాళ్లే ఆ బొమ్మను మోసుకొచ్చారు. కోటు వదులైందట, కాస్త కొలిచి బిగించమన్నారు. దగ్గరగా చూస్తే దాని జోడుకు అసలు అద్దాలే లేవు. మౌలాలి నన్ను ముక్కు మీదకి ఎగదోసుకుని, బొమ్మ ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు.

"ఊపిరి బిగబట్టకు," అన్నాడు దానితో.