తెర మీద మిగిలిన శ్రీ

మా ఆయనకు దేవుడు తెలివి దండిగానే ఇచ్చాడు. ఎక్కడ ఆగాలో చెప్పి పంపడం మరిచాడంతే. లేకపోతే పూజ పేరు చెప్పి టీవీని పగలూ రాత్రీ ఆపకుండా వెలిగించిన మనిషి ఈ గుంటూరు జిల్లాలో ఇంకొకరుంటే చూపించండి, దణ్ణం పెడతాను.

మొదట్నుంచీ చెబితేగానీ నా కడుపుమంట మీకు అర్థం కాదు. మాది సత్తెనపల్లి. ఆయన త్యాగరాజు, నేను జ్ఞానప్రసూన. మా మామగారిది అపరకర్మలు చేయించే వృత్తి. ఆయన తరవాత మా ఆయనకు వచ్చింది. ఊళ్లో ఎవరైనా పోతేనే మా గుమ్మానికి మనిషి వస్తాడు. మిగతా రోజుల్లో మేం ఎదురొస్తే అపశకునమని పక్కసందులోకి తప్పుకుంటారు. పెళ్లిళ్లకు పిలుపు లేదు, పేరంటానికి బొట్టు పెట్టే దిక్కు లేదు. బీఎస్సీ చదివిన మనిషి, పొద్దున్నే వీధిలోకి వెళ్లాలంటే ముందు తలుపు వారగా తీసి అటూ ఇటూ చూసుకునేవారు, ఎవరికైనా ఎదురు పడతానేమోనని. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

అందుకే ఊరు వదిలేశాం. ఆయన హైదరాబాదులో కోర్సు చేసి వచ్చారు. నా నానుతాడు అమ్మేసి, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి ముందు భాగం అద్దెకు తీసుకుని, కంప్యూటర్ క్లాసులని బోర్డు కట్టాం. కంప్యూటరంటే పెద్దదేం కాదు, వెడల్పాటి పుస్తకమంత మీటల పలక. దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు తెర మీద పడతాయి. ఉన్నది ఒకటే పలక, ఒకటే బ్లాక్ అండ్ వైట్ టీవీ. మా పొలం పుట్రా అదే. అయినా పిల్లలొచ్చారు. "నమస్కారం మాస్టారూ" అని పొద్దున్నే ఎదురొచ్చి మరీ పలకరించేవాళ్లు. ఆ ఒక్క మాటకి ఆయన మొహం ఎలా వెలిగిపోయేదో! సత్తెనపల్లి వైపు నుంచి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, "ఆ పని మానేశారు, ఇంకెవర్నైనా చూసుకోండి" అని గుమ్మంలోంచే పంపించేసేదాన్ని. మళ్లీ ఆ బతుకులోకి పోకూడదు. నేను దేవుణ్ణి కోరుకున్నది అదొక్కటే.

ఇంతలో దసరా వచ్చింది. పుస్తకాలు పూజలో పెట్టినట్టు ఆ పలకకింత పసుపూ కుంకుమా పెడితే సరిపోయేది. ఈయన ఊరుకుంటేనా! గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ కూర్చుని, లెక్కలన్నీ కట్టి, తెర నిండా తెల్లగా 'శ్రీ' పడేలా చేశారు. చూడముచ్చటగానే ఉంది, కాదనను.

"నవరాత్రులకి అఖండదీపం పెడతాం కదే. ఇదీ అఖండమే. పాడ్యమినాడు వెలిగించింది దశమిదాకా కొండెక్కకూడదు" అన్నారు.

"అన్నాళ్లు ఆపకపోతే అది మాడి చస్తుందండీ" అన్నాను.

"పిచ్చిమొహమా, ఇదేమన్నా పెనమా మాడిపోవడానికి?" అని, వెలుగు మీట ఆఖరుదాకా తిప్పేశారు.

క్లాసులకు సెలవులిచ్చారు. తెర ముందు కుంకుమార్చన, నైవేద్యం, హారతి. ఇంకో చిత్రం చెప్పనా? ఊరికూరికే పోయే కరెంటు ఆ నవరాత్రుల్లో ఒక్కసారీ పోలేదు. అమ్మవారి దయ అని ఈయన మురిసిపోయారు. ఎప్పటిలా పోతూ వస్తూ ఉంటే మా బతుకు నిలబడేది.

దశమినాడు ఉద్వాసన చెప్పి టీవీ కట్టేశారు. అమ్మవారిని స్వస్థానానికి వెళ్లి రమ్మని చెప్పే మంత్రం అది. మంత్రం అయిపోయింది, టీవీ ఆరిపోయింది, శ్రీ మాత్రం పోలేదు. నల్లటి గాజు వెనకాల గోధుమరంగు మచ్చలా అలాగే నిలబడి ఉంది. తడిగుడ్డ పెట్టి రుద్దాను. అది పైన లేదు, లోపల ఉంది. మళ్లీ వేసి చూస్తే, ప్రోగ్రామ్ అక్షరాలన్నీ ఆ మచ్చలోకి వెళ్లి మసకబారుతున్నాయి. మూడేదో ఎనిమిదేదో తెలియడం లేదు.

"ఉద్వాసన చెప్పినా వెళ్లలేదే ప్రసూనా" అన్నారాయన, చిన్నగా.

నాకు ఒళ్లు మండింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు. "వెళ్లలేదేమిటండీ, టీవీ తగలడిపోయింది! చూడండి!" అని అరిచాను.

సెలవులయ్యాక పిల్లలొచ్చారు. కళ్లు చికిలించుకుని చూశారు, తల పక్కకు వంచి చూశారు, తరవాత రావడం తగ్గించారు. బట్టల షాపు ఖాదర్ వలిగారు మాత్రం వాళ్లమ్మాయిని మాన్పించేటప్పుడు స్వయంగా వచ్చి, "అమ్మాయికి కళ్లు నొప్పెడతన్నాయంటండీ మాస్టారూ, ఏమనుకోబాకండి" అని చేతులు పట్టుకుని వెళ్లారు. మంచి మనిషి. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

టీవీ కొన్న షాపువాళ్లు ఇచ్చిన వారంటీ కార్డు అప్పటికింకా చెల్లుతూనే ఉంది. వెళ్లి మొత్తుకుంటే వాళ్ల మెకానిక్ జయరావుని పంపారు. అతను తెర చూసి నోరు తెరిచాడు.

"ఇదేందమ్మా, శ్రీకారం చుట్టుకున్నారు పిక్చర్ ట్యూబు మీద! ఒకే బొమ్మ ఆపకుండా పెడితే లోపలి పూత కాలిపోద్దండి. ఇంక ట్యూబు మార్చాల్సిందే. వాడకంలో కాలిందని రాస్తే కంపెనీవోళ్లు పైసా ఇవ్వరు."

ఈయన తల వంచుకున్నారు. నేను వంచుకోలేదు. మా సంగతంతా చెప్పాను, సత్తెనపల్లి వీధితో సహా. జయరావు చాలాసేపు స్క్రూడ్రైవరు చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి, "పూతలో లోపమని రాస్తాలే అమ్మా. ఒప్పుకుంటారేమో చూద్దాం. పాత ట్యూబు మాత్రం వెనక్కిచ్చెయ్యాలి" అన్నాడు.

వెనక్కిచ్చే ముందు మంచిరోజు చూసి మళ్లీ ఉద్వాసన చెబుతానన్నారు ఈయన. చెప్పుకోండి, ఎవరొద్దన్నారు! బెజవాడలో కంపెనీ ఇంజనీరు ఎప్పటికో ఒప్పుకున్నాడు. ఇంక కొత్త ట్యూబు రావాలి. పత్తి సీజను, లారీలు దొరకడం లేదన్నారు. ఇవాళ, రేపు అంటూనే కార్డు గడువు దగ్గర పడింది. నేను రోజూ షాపుకి నడిచి వెళ్లి అడిగొచ్చేదాన్ని. ఆ షాపు ముందు కుక్కకి కూడా నేను గుర్తే.

గడువు ఆఖరి రోజున జయరావు అట్టపెట్టె రిక్షాలో వేసుకుని వచ్చాడు. నేను ఎదురెళ్లి పెట్టె ఒక పక్క పట్టుకున్నాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు.

అతను పెట్టె దించి, సంచీలోంచి చిన్న సుత్తి తీసి టీవీ పక్కన పెట్టాడు.

"సుత్తెందుకు?" అన్నారు ఈయన.

"పాత ట్యూబు మెడ విరగ్గొట్టాలి సార్. మీ ముందే కొట్టి, నంబరున్న ముక్క పట్టుకుపోవాలి. అది రూలు."

ఈయన మొహంలో నెత్తురు లేదు. "ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నేననకపోతే మాత్రం శుక్రవారం కాకుండా పోతుందా!

"శుక్రవారంనాడు అమ్మవారిని ఇంట్లోంచి పంపిస్తామటే? అదీ మెడ విరిచి? రేపు రావయ్యా జయరావూ. పొద్దున్నే ఉద్వాసన చెప్పి నేనే అప్పగిస్తాను."

"రేపటికి కార్డు చెల్లదు సార్. ఈ రాత్రి బస్సుకే ఆ ముక్క బెజవాడ పోవాలి."

"కొత్తది బిగించెయ్యి నాయనా, పాతది రేపు కొట్టుకుందువుగాని" అని బతిమాలాను.

"అట్టా నమ్మి వదిలేస్తే ఒకాయన పాత ట్యూబు అమ్ముకున్నాడమ్మా. అప్పుడే నా ఉద్యోగం పోవాల్సింది. ఇంకోసారైతే ఉంచరు."

నేనూ శుక్రవారంపూట పక్కింటికి చేబదులు ఉప్పు కూడా ఇవ్వని మనిషినే. అయినా ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "ఇది అమ్మవారు కాదండీ, కాలిన మచ్చ! మీరు వంటింట్లోకి వెళ్లండి, పాపమేదో నాకు చుట్టుకోనీయండి. కొట్టు జయరావూ!"

"సంతకం సారే పెట్టాలమ్మా. కార్డు సారు పేరున ఉంది" అన్నాడతను, సుత్తి ముట్టుకోకుండా.

ఆయన టీవీకి అడ్డంగా నిలబడి ఏడుస్తున్నారు. పెద్ద మగాడు, చిన్నపిల్లాడిలా. "నా వల్ల కాదే. తండ్రి వృత్తి వదిలాను, ఊరు వదిలాను. ఆవిడ ఒక్కతే నన్ను వదలకుండా నిలబడింది. శుక్రవారంపూట సుత్తితో కొట్టించమంటావా? నా వల్ల కాదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. కంపెనీవాడు ఇచ్చాడు, జయరావు ఇచ్చాడు, నా ఇంట్లో పూజారి ఇవ్వలేదు. జయరావు పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చుని చూసి, పెట్టె మళ్లీ రిక్షా ఎక్కించుకున్నాడు. ఆ రాత్రి నేను నోటికొచ్చినన్ని మాటలన్నాను.

శనివారం పొద్దున్నే స్నానం చేసి, స్వరం ఎక్కడా తప్పకుండా ఉద్వాసన చెప్పారు. టీవీని జరిపి గోడవైపుకి తిప్పారు. ఎవరి కోసం చెప్పినట్టో, ఎందుకు తిప్పినట్టో నేను అడగలేదు.

మధ్యాహ్నం గేటు ముందు ట్రాక్టరు ఆగింది. సత్తెనపల్లి అవతల ఒక ఊరి ఆసామి దగ్గర పాలేరు, జక్రయ్య. ఇదివరకు నేనే రెండుసార్లు తిప్పి పంపిన మనిషి.

"తెల్లదోమ పత్తంతా తినేసిందమ్మా. మా ఆసామి పురుగుల మందు తాగాడు" అన్నాడు, తలగుడ్డ విప్పి కళ్లు తుడుచుకుంటూ. "అయ్యగారు ఈ పని మానేశారని చెప్పానమ్మా. మా దొరసాని ఒక్కసారి అడిగి చూడమంది."

పక్కవాటాలో ఇంటివాళ్లావిడ కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన గది మధ్యలో నిలబడి నా వైపే చూస్తున్నారు. జక్రయ్యని నేను పొమ్మంటే ఈసారి కూడా ఆయన వెళ్లరని నాకు తెలుసు. పొమ్మన్నాక రేపు ఏం తింటామో మాత్రం తెలియదు.

"ఎవరు చెప్పారు మానేశారని? వస్తారు, కూర్చో" అన్నాను.

కిటికీ రెక్క మూసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపయ్యాక ఆయన వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి, దర్భలు ఎక్కడ పెట్టావని అడిగారు.

అటక మీద ఉన్నాయని చెప్పాను.