కార్జం దెబ్బకు నాలుగు గంటలు

ఆ పొద్దున వెర్లిన్ టాలెఫ్సన్‌ని మంచె మీద ఎవరైనా చూసి ఉంటే, పాపం ఈ పెద్దమనిషి చలికి కొయ్యబారిపోయాడని జాలిపడేవాళ్ళు. అంత కదలకుండా కూర్చున్నాడు. ఇరవై అడుగుల ఎత్తున ఓక్ చెట్టుకు కట్టిన మంచె, నడుము చుట్టూ తాడు, ఒళ్ళో రెండు కొసలా చిన్న కప్పీలున్న విల్లు. నవంబరు మొదటి వారం. ముక్కు కారుతున్నా తుడుచుకోవడం లేదు. జింక ముందు మనిషి ముక్కు తుడుచుకుంటే ఇక ఆ రోజుకు ఇంటికి పోవచ్చు.

అరవై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు పాల ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు. విస్కాన్సిన్‌లో ఆ గుట్టల మధ్య ఏ డెయిరీకి వెళ్ళినా కుక్కలు అతన్ని చూసి తోకాడిస్తాయి, మొరగవు. విల్లు మాత్రం పన్నెండో ఏట పట్టాడు, ఇప్పటిదాకా వదల్లేదు.

పోయినేడాది వదిలేయవలసి వచ్చింది, దాదాపుగా. బాణం పేగుల్లో తగిలింది. అలా తగిలిన జింక దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే అక్కడే ప్రాణం విడుస్తుంది. మనిషి అలికిడైతే మాత్రం లేచి పరిగెడుతుంది, ఇక దొరకదు. ఆ లోయలో నిన్నగాక మొన్న విల్లు పట్టినవాడికి కూడా ఈ సంగతి తెలుసు. వెర్లిన్‌కీ తెలుసు. తెలిసీ పది నిమిషాలకే ఆత్రం ఆపుకోలేక చెట్టు దిగి వెంటపడ్డాడు. అతనూ, అతని అక్క ఆర్లిసూ రెండు రోజులు మోకాళ్ళ మీద పాకి నెత్తుటి చుక్కలు వెతికారు. మూడో రోజు నక్కలు తినగా మిగిలింది దొరికింది. ఆ జీవి బతకడానికీ లేకుండా, ఒకరి కంచంలోకీ రాకుండా పోయింది.

ఆర్లిస్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఆమె వంటింట్లో కూర్చుని వెర్లిన్ తనే అన్నాడు: "అక్కా, ఇంకొకటి ఇలా పోగొట్టానంటే మళ్ళీ మంచె ఎక్కను. నా మీద ఒట్టు."

"సరే," అంది ఆర్లిస్. "నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను."

ఏడూ ఇరవైకి వచ్చింది ఆడ జింక. పెద్దది, వెంట పిల్లల్లేవు. మొక్కజొన్న చేను కోసేసిన వైపు నుంచి తీరుబడిగా, ఇక్కడో కాయ అక్కడో కాయ కొరుకుతూ వచ్చింది. వెర్లిన్ గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. యాభై ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉంది, అదేం రోగమో అతనికి తగ్గలేదు, తగ్గాలని అతనూ కోరుకోలేదు. జింక చెట్టు చాటుకు తల పెట్టగానే నారి లాగాడు. అది మళ్ళీ బయటికొచ్చింది, కానీ నడుస్తూనే ఉంది. నోటితో "మా" అని చిన్నగా అరిచాడు, పిల్ల పిలిచినట్టు. జింక ఆగింది. అయితే అర అడుగు వేసి ఆగింది. అతని వేలు అప్పటికే నారిని వదిలే మీట నొక్కేసింది. గుండెకు పెట్టిన గురి ఆ అర అడుగు వెనక్కి జరిగింది.

జింక నడుం వంచి నాలుగు గెంతులు గెంతి, ఆగి, తర్వాత నింపాదిగా నడుచుకుంటూ కింద ముళ్ళపొదల్లోకి వెళ్ళిపోయింది. అదీ వెర్లిన్‌కి నచ్చనిది. గుండెలో తగిలిన జింక నింపాదిగా నడవదు.

ముప్పావుగంట చెట్టు మీదే కూర్చున్నాడు. తర్వాత పిల్లిలా దిగి, జింకలోంచి దూసుకుపోయిన బాణం పడ్డ చోటిదాకా మాత్రం వెళ్ళాడు, ఒక్క అడుగు అటు వెయ్యలేదు. బాణం కర్ర పొడవునా చిక్కని ముదురు నెత్తురు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పేగుల కంపు లేదు. కార్జం. వెర్లిన్ గట్టిగా ఊపిరి వదిలాడు. కార్జం దెబ్బ తిన్న జింక చనిపోవడం ఖాయం, అయితే నాలుగు గంటలు దాని దరిదాపులకు పోకూడదు. బూట్లు విప్పి చేత పట్టుకుని, మేజోళ్ళతో, పొదలకు ఎదురు దిక్కుగా గుట్ట ఎక్కి అక్క ఇంటికి పోయాడు.

"ఏంట్రా, నడవడం తెలిసిన బూట్లు కూడా నిన్ను వదిలేశాయా?" అంది ఆర్లిస్ తలుపు తీస్తూ. ఆమెకు అరవై ఎనిమిది. ఆ చుట్టుపక్కల ఆమె కంటే బాగా నెత్తుటి జాడ పట్టగలవాళ్ళు లేరు.

"కొట్టానక్కా."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "ఎక్కడ?"

"కార్జం. 'మా' అన్నాను, ఆగింది గానీ అర అడుగు ముందుకేసి ఆగింది."

"నీ గొంతుకు ఆగడమే గొప్ప. చర్చిలో నువ్వు పాట ఎత్తుకుంటే పాస్టరు గారే తలుపు వైపు చూస్తాడు. ఎన్నింటికి కొట్టావు?"

"ఏడూ ఇరవై."

"అయితే పదకొండూ ఇరవై. కూర్చో, తిను."

గుడ్లూ, వేయించిన బంగాళాదుంపలూ పెట్టింది. వెర్లిన్‌కి ముద్ద దిగలేదు. కాలు కాలిన పిల్లిలా వంటింట్లో తిరిగాడు. కడిగిన గిన్నెలే మళ్ళీ తుడిచాడు. తొమ్మిదిన్నరకు, సాయంత్రం దాకా రాదని రేడియోలో చెప్పిన వాన, వరండా రేకుల మీద టపటపా మొదలైంది.

ఆర్లిస్ కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, కొక్కేనికి తగిలించిన కోటు అందుకుంది. "పదరా. జాడంతా కొట్టుకుపోతుంది."

వెర్లిన్ లేవలేదు. "పదకొండూ ఇరవై అన్నావు."

"అప్పుడు వాన లేదు. చుక్క నెత్తురు మిగలకపోతే ఆ పొదల్లో దాన్నెలా పట్టుకుంటావు? పేరు పెట్టి పిలుస్తావా?"

"మోకాళ్ళ మీద వెతుకుతా. రేపూ వెతుకుతా. లేపి తరమడం మాత్రం నా వల్ల కాదు."

"దొరక్కపోతే ఒట్టు ఒట్టేరా. తమ్ముడివి కదా అని ఊరుకోను."

"ఊరుకోవద్దు."

ఆమె అతని వంక చాలాసేపు చూసింది. వీడికి ఇంత ఓపిక ఎప్పుడొచ్చిందా అని ఆ చూపు. అతని లోపల ఏ ఓపికా లేదని, కాళ్ళు వాటంతటవే లేవబోతుంటే బల్ల పట్టుకుని ఆపుకుంటున్నాడని ఆమెకు తెలియదు. ప్రతి చినుకూ ఒక నెత్తుటి బొట్టును కడిగేస్తోందని అతనికి తెలుసు. కూర్చోవడం సరైందో, మొండితనమో తెలియదు. అయినా కూర్చున్నాడు. ఆర్లిస్ కోటు విప్పకుండానే ఎదురుగా కూర్చుని ఇంకో కాఫీ పోసింది.

పదకొండూ ఇరవైకి చెట్టు కిందికి చేరారు. వాన తుంపరగా మారింది గానీ చేయాల్సిందంతా చేసేసింది. బాణం పడ్డ చోట కూడా ఎరుపు లేదు. జింక పొదల్లోకి దూరిన సందు మాత్రం వెర్లిన్‌కి గుర్తుంది. అక్కడి నుంచి పది అడుగుల ఎడంతో ఇద్దరూ పక్కపక్కన వంగి నడిచారు, వెనక్కొచ్చారు, మళ్ళీ నడిచారు. ముళ్ళు గీరుకుపోయాయి. గంట గడిచింది. వాన మొదలవగానే వచ్చి ఉండాల్సిందేమో. ఈసారి ఆగినందుకు పోగొట్టుకున్నాడేమో. నక్కలు తిన్న ఆ పాత జింక ఎముకలు కళ్ళ ముందు మెదిలాయి.

"పైన చూడకురా," అంది ఆర్లిస్, అతని మొహం చూడకుండానే. "పైనంతా వాన కడిగేసింది. ఆకు తిప్పి చూడు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అడవి కోరింద ఆకులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతోంది. అయిదో ఆకు అడుగున, చినుకు తాకని చోట, జింక ఒళ్ళు రాసుకుపోయిన ముదురు మరక. తర్వాత ఇంకో నాలుగు ఆకులకు అవతల ఇంకోటి. వెర్లిన్ ఆమె పక్కన కూర్చుని తనూ ఆకులు తిప్పసాగాడు. అలా అక్కా తమ్ముళ్ళు పాతిక గజాలు పాకారు. తల ఎత్తేసరికి జింక ఎదురుగానే ఉంది.

కాళ్ళు కిందికి మడుచుకుని, తల పక్కకు వాల్చుకుని, పడుకున్న తీరులోనే పోయింది. పొడవాటి పుల్లతో కంటి రెప్ప తాకి చూశాడు. కదల్లేదు. వెర్లిన్ టోపీ తీశాడు. బురదలో మోకాళ్ళూని, తడిసిన మెడ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"నీ మేలు మర్చిపోనమ్మా," అన్నాడు. ప్రతిసారీ ఏదో ఒకటి అంటాడు. ఈసారి అన్నాక కూడా చెయ్యి వెంటనే తీయలేదు.

ఆర్లిస్ కళ్ళు తుడుచుకుని, వాన నీళ్ళు అన్నట్టు కసిరింది. "ఏడుపు తర్వాత. మాంసం చెడిపోతుంది. నువ్వు ముందు కాళ్ళు పట్టు, నేను వెనక కాళ్ళు పడతా. తిప్పుదాం, కొయ్యాలి."

ఇద్దరూ పట్టి పక్కకు దొర్లించారు. ఆర్లిస్ కత్తి తీయబోయి ఆగిపోయింది. చుట్టూ కనుచూపు మేర ఆకులన్నీ నల్లగా తడిసి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. జింక పడుకున్న చోట మాత్రం జింక ఆకారంలో లేత గోధుమరంగు ఆకులు, పొడిపొడిగా ఉన్నాయి.

"వాన కంటే ముందే వచ్చి పడుకుంది," అన్నాడు వెర్లిన్ మెల్లగా. "మళ్ళీ లేవలేదు."

ఆర్లిస్ గ్లవ్ తీసేసి వంగి ఆ ఆకుల మీద అరచెయ్యి పెట్టింది.

"తొమ్మిదిన్నరకు ఇది బతికే ఉందో, పోయిందో," అంది. "మనం ఈ పొదల్లో పడి వచ్చుంటే ఏమయ్యేదో. నేనైతే వచ్చేసేదాన్నిరా. నువ్వు కూర్చోబెట్టావు."

"నేను కూర్చోలేదక్కా. బల్ల పట్టుకుని వేలాడాను."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారనిచ్చింది, ఈసారి వాన మీద తొయ్యలేదు. వెర్లిన్‌కి ఆ జింక పట్ల, అక్క పట్ల, తనను ఆగనిచ్చిన ఆ పొద్దు పట్ల చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. అతనూ గ్లవ్ తీసి ఆమె చేతి పక్కన చెయ్యి పెట్టాడు. ఆకులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. తర్వాత ఆర్లిస్ కత్తి తీసింది.